చిలకలంకకు విదేశయానం

రేవుపేట క్రైస్తవ సంఘానికి నూరేళ్లు నిండిన సంవత్సరమే పక్క తాలూకా సంఘం ఒక వైద్య బృందాన్ని ఆఫ్రికా పంపించింది. పంపించి ఊరుకున్నా బాగుండేది. వాళ్లు సంఘాలన్నిటికీ పెద్దయిన మహాసభ వార్షిక సమావేశాల్లో తెర కట్టించి మరీ ఫొటోలు చూపించారు. వాళ్ల డాక్టరు నల్లద్దాలు పెట్టుకుని మట్టి గుడిసె ముందు నిలబడ్డాడు, చుట్టూ పిల్లలు నవ్వుతున్నారు. మహాసభ అధ్యక్షులవారు కళ్లు తుడుచుకుని, "నిన్నటిదాకా పుచ్చుకున్న చెయ్యి నేడు ఇచ్చే చెయ్యి అయింది" అన్నారు. ఆ పూట భోజనాల్లో పక్క తాలూకా వాళ్ల పంక్తికి ముందు వడ్డించారు. రేవుపేట పంక్తి దాకా వచ్చేసరికి మాంసం కూరలో బంగాళాదుంపలే మిగిలాయి.

రేవుపేట సంఘం కమిటీ చైర్మన్ కృపాదానం గారు ఆ దుంపల్ని మరిచిపోలేకపోయారు. ఆయన సబ్‌రిజిస్ట్రారుగా చేసి రిటైరైన మనిషి. నోరు విప్పితే దస్తావేజు చదివినట్టే ఉంటుంది. ఇంటికి రాగానే కమిటీని సమావేశపరిచారు.

"మన సంఘం స్థాపించబడిన నాటినుండి నేటివరకు మనము విదేశీ పరిచర్యను పుచ్చుకొను పక్షముగానే యున్నాము. ఇకమీదట ఇచ్చు పక్షముగా మారవలెను. వైద్యసదుపాయము లేని విదేశీ గ్రామీణ ప్రజలకు మన సంఘము తరఫున ఒక డాక్టరును పంపుటకు ఇందుమూలముగా ప్రతిపాదించుచున్నాను. వెళ్లువారు ఎవరు?"

అందరూ తలలు వంచుకున్నారు. డాక్టర్ నిరీక్షణరావు గారు చెయ్యెత్తారు.

సంఘానికి ఉన్న ఒకే ఒక్క డాక్టరు ఆయన. ఏటి ఒడ్డున ఉన్న మిషను డిస్పెన్సరీని భార్య సుగుణమణితో కలిసి ఎన్నో ఏళ్లుగా నడుపుతున్నారు. ఆవిడ నర్సు. ఆ డిస్పెన్సరీ గోడమీద దాన్ని కట్టించిన దొరసానమ్మ ఫొటో ఉండేది. ఓడెక్కి వచ్చి, తెలుగు నేర్చుకుని, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయిన మనిషి. ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ ఆ ఫొటోకు దణ్ణం పెట్టి, ఆ చేత్తోనే నిరీక్షణరావు గారి కిటికీ మీద బాది, "డాట్రుగారూ, ఓ గ్యాసు బిళ్ల పడెయ్యండి" అని అరిచేవారు. తనూ ఓడెక్కి ఎక్కడికో వెళ్లాలని, తన మాట తెలియని జనం తనను చూసి కళ్లనీళ్లు పెట్టుకోవాలని, చివరికి తన ఫొటో కూడా ఏదో ఒక గోడెక్కాలని ఆయన కోరిక. ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. చెయ్యెత్తిన రోజు సాయంత్రమే బజారుకెళ్లి దొరటోపీ ఒకటి కొనుక్కొచ్చుకున్నారు.

"అది పెట్టుకుంటే అచ్చం తేనె తీసేవాడిలా ఉన్నారు" అంది సుగుణమణి.

కమిటీ ఆఫ్రికాలోని ఒక ఆసుపత్రికి ఉత్తరం రాసింది. డాక్టర్లు ఉన్నారు, మందులు పంపితే మేలు చేసినవారవుతారు అని వాళ్లు మర్యాదగా జవాబిచ్చారు. ఇది కమిటీకి నచ్చలేదు. మందుసీసాల పక్కన ఎవరు నిలబడి ఫొటో దిగుతారు? ఇంకో దేశం వాళ్లు, మా నర్సులకు ఏడాదిపాటు చదువు చెబుతారా అని అడిగారు. ఏడాది దాకా ఫొటోలు ఉండవని కమిటీ దాన్నీ పక్కన పెట్టింది. ఈలోగా విమానానికి ఎంతవుతుందో విచారించిన కోశాధికారికి రెండు రోజులు జ్వరం వచ్చింది.

దారి చూపించింది కృపాదానం గారే. మహాసభ నియమావళి ఓడల కాలంలో అచ్చయింది. చైర్మన్ గారు దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివి, ఒకచోట వేలు పెట్టి లేచి నిలబడ్డారు.

"చిత్తగించండి. 'విదేశ పరిచర్య యనగా స్వతీరమును విడిచి, జలమును దాటి, అవతలి ఒడ్డున వైద్యసదుపాయము లేని గ్రామీణుల మధ్య చేయు సేవ.' ఇందులో జలము అన్నారే గాని సముద్రము అనలేదు. ఉప్పునీరా మంచినీరా అన్న వివరణ దాఖలు చేయబడలేదు. కావున గోదావరి కూడా జలమే. కావున చిలకలంక విదేశము."

చిలకలంక గోదావరి పాయ నడుమ ఉన్న చిన్న పల్లె. చుట్ట అంటించి పడవెక్కితే అది ఆరకముందే ఆ ఒడ్డు చేరొచ్చు. అక్కడి జనం రేవుపేట సంతలోనే బెండకాయలు అమ్ముకుంటారు, రేవుపేట డిస్పెన్సరీలోనే మందు పుచ్చుకుంటారు.

పాస్టరు వందనం గారు మెత్తని మనిషి. ఆయన నెమ్మదిగా, "అదేమిటండీ, చిలకలంక మన డిస్పెన్సరీ అరుగుమీద కూర్చుంటే కనిపిస్తుంది కదా" అన్నారు.

"కనిపించుట వేరు, చెందుట వేరు. చంద్రుడు కనిపించుట లేదా?"

తీర్మానం ఏకగ్రీవమైంది.

సుగుణమణి కమిటీ సభ్యురాలు కాదు. వాళ్లకు టీ ఇవ్వడానికి వచ్చిన మనిషి. అయినా కప్పులు అందిస్తూ అడిగింది: "మరి ఈయన వెళ్లిపోతే ఇక్కడ డిస్పెన్సరీ ఎవరు చూస్తారండీ?"

"స్వదేశ రోగులు స్వదేశ మార్గములను అన్వేషించుకొందురు" అన్నారు కృపాదానం గారు.

నిరీక్షణరావు గారికి ఆ ప్రశ్న గుచ్చుకున్నమాట నిజమే. కాని అప్పటికే ఆయన మనసులో బెండకాయల చిలకలంక లేదు. తెల్లటి ఇసుక, వింత మనుషులు, తెర మీద తన ఫొటో ఉన్నాయి.

ప్రయాణ సన్నాహాలు నియమావళి ప్రకారమే జరిగాయి. మిషనరీ మూడేళ్లపాటు స్వదేశపు ఒడ్డు తొక్కరాదు. స్థానికులతో దుబాసీ ద్వారానే మాట్లాడవలెను. స్థానికులకే గాని ఇతరులకు మిషను మందు ఇవ్వరాదు. వీటితోబాటు చైర్మన్ గారు డాక్టరుగారికి అక్కడి ఆచార వ్యవహారాల మీద తరగతి తీసుకున్నారు.

"స్థానికులు అరిటాకులో భుజింతురు. తాము ఆశ్చర్యము వెలిబుచ్చరాదు."

అంతకు ముందు ఆదివారమే సంఘం విందులో అరిటాకు మడిచిన డాక్టరుగారు ఈ మాటను శ్రద్ధగా రాసుకున్నారు.

"మూడేళ్లా!" అంది సుగుణమణి. "మన వంటింటి కిటికీలోంచి గట్టిగా పిలిస్తే వినపడే చోటికా?"

"పిలవకూడదు" అన్నారు నిరీక్షణరావు గారు బరువుగా. "పిలుపు పైనుంచి వచ్చింది."

వీడ్కోలు ఘనంగా జరిగింది. పూలదండలు వేశారు, పాటలు పాడారు, ఆయన తిరిగి రాకపోతే సమాధి ఎక్కడ కట్టాలో కూడా పాస్టరుగారి చేత చూపించారు. పడవ రేవు విడిచింది. టోపీ పెట్టుకున్న డాక్టరుగారు పడవలో నిలబడి చెయ్యి ఊపారు. ఒడ్డున సుగుణమణి కూడా ఊపింది. పడవ సగం దూరం వెళ్లింది, ఆయన ఊపుతూనే ఉన్నారు. అవతలి ఒడ్డు చేరింది, దిగి అక్కడినుంచీ ఊపుతున్నారు. చివరికి సుగుణమణి, "పొయ్యిమీద పప్పుంది, వస్తా" అని ఇంట్లోకి వెళ్లిపోయింది.

చిలకలంకలో దుబాసీగా పడవ నడిపే గంగరాజుని వేశారు. ఆ ఊరికీ ఈ ఊరికీ రోజూ తిరిగేవాడు కాబట్టి రెండు భాషలూ వచ్చునని కమిటీ తేల్చింది. పాకలో బల్ల వేసుకుని డాక్టరుగారు కూర్చున్నారు. మొదటి రోగి వీరమ్మ. కొబ్బరి దింపుల దగ్గర పనిచేసే మనిషి, ఆ ఊరి చిన్న సంఘానికి పెద్ద దిక్కు.

"మోకాళ్లు సలిపేత్తన్నాయండి డాట్రుగోరూ" అంది.

డాక్టరుగారు గంగరాజు వైపు చూశారు.

"మోకాళ్లు సలిపేత్తన్నాయంటండి" అన్నాడు గంగరాజు.

"ఎన్నాళ్లనుంచి?"

"ఎన్నాళ్లనించే?" అన్నాడు గంగరాజు వీరమ్మతో.

వీరమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "మొన్న సంతరోజున ఈయనిచ్చిన బిళ్లలు అయిపోయిన కాణ్ణించి. ఏరా గంగా, ఈయనకేటైంది, చెవుడొచ్చిందా?"

ఆ మాటను గంగరాజు తర్జుమా చెయ్యలేదు.

మొదటి నెల హాయిగా గడిచింది. 'మిషనరీగారు' అని పిలవాలని గంగరాజు ఊరంతా చాటింపు వేశాడు. లంక జనం పెద్దమనసున్నవాళ్లు. పిలిస్తే పోయేదేముంది అని పిలిచారు. సాయంత్రాలు ఆయన ఇసుకలో నిలబడి స్వదేశం వైపు చూసేవారు. అవతల తమ పెరట్లో తీగమీద ఆరేసిన సుగుణమణి చీర కనిపించేది. అది తను కిందటి ఏడు కొన్న నేతచీరే. కళ్లు ఒత్తుకుని, 'త్యాగం అంటే ఇదే కాబోలు' అనుకునేవారు. అప్పుడప్పుడు గాలివాటున ఆవిడ చేపల పులుసు తాలింపు వాసన కూడా వచ్చేది. అది మాత్రం నిజంగా కష్టంగా ఉండేది.

ఇటు రేవుపేటలో డిస్పెన్సరీకి తాళం పడింది. తలుపుమీద 'డాక్టరుగారు విదేశాల్లో ఉన్నారు' అని బోర్డు తగిలించారు. రోగులు ఆ బోర్డు చదివి, వెనక్కి తిరిగి ఏటి అవతల పాకలో కూర్చున్న డాక్టరుగారిని చూసి, పడవెక్కేవారు. ముందు ఒకరిద్దరు వచ్చారు. తరవాత పడవ చాలక గంగరాజు తమ్ముడు ఇంకో పడవ దింపాడు. చైర్మన్ గారు మహాసభకు నివేదిక పంపారు: 'మన విదేశీ ఆసుపత్రికి పొరుగు దేశములనుండి సైతము రోగులు సముద్రతుల్యమైన జలమును దాటి తరలివచ్చుచున్నారు.' మహాసభ పొంగిపోయింది. పొంగిపోయి, చివర్లో ఒక చిన్న సందేహం అడిగింది: పొరుగు దేశస్థులు సదుపాయము లేనివారేనా?

కృపాదానం గారు ఆలోచనలో పడ్డారు. రేవుపేటవాళ్లను సదుపాయం లేనివాళ్లు అంటే సంఘం పరువు పోతుంది. ఉన్నవాళ్లు అంటే వాళ్లకు మందు ఇవ్వకూడదు. ఆయన పరువునే ఎంచుకున్నారు. రేవుపేట రోగులను ఇకమీదట తిప్పి పంపవలెనని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వు డాక్టరుగారి చేతికి వచ్చిన రోజునే పడవలోంచి సుగుణమణి దిగింది. ఆవిడ భుజం పట్టుకుని తాపీమేస్త్రి అప్పన్న కుంటుకుంటూ వచ్చాడు. కాలికి మేకు గుచ్చుకుని చీము పట్టింది. అసలే షుగరు మనిషి. పాదం వంకాయ రంగుకు తిరిగింది.

భార్యను చూడగానే డాక్టరుగారి మొహం వెలిగింది. వెంటనే నియమం గుర్తొచ్చి ఆరిపోయింది. ఆయన గొంతు సవరించుకుని గంగరాజు వైపు తిరిగారు. "వీరు ఏ దేశస్థులో కనుక్కో."

గంగరాజు తల గోక్కున్నాడు. "అమ్మగోరండీ, మీది ఏ దేశం అంటన్నారండి."

సుగుణమణి అప్పన్నను బల్లమీద కూర్చోబెట్టింది. తరవాత మొగుడి ఎదురుగా నిలబడింది.

"గంగరాజూ, ఆయనతో చెప్పు. ఇన్నేళ్లు నా చేతి కూడు తిన్న మనిషికి నా మాట అర్థం కావడానికి నువ్వు కావాల్సొస్తే, ఆ మనిషి విదేశం వెళ్లలేదు, మతి ఎక్కడికో వెళ్లింది అని చెప్పు. ఈ అప్పన్న మన వంటిల్లు కట్టినవాడని చెప్పు. ఇవాళ కట్టు కట్టకపోతే కాలు తీసెయ్యాలని నర్సునైన నాకే తెలుస్తోంది, డాక్టరుకి తెలియదా అని అడుగు."

గంగరాజు నోరు తెరిచాడు. "అమ్మగోరు ఏవంటన్నారంటే అండి..."

"విన్నాను" అన్నారు నిరీక్షణరావు గారు.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పాదం చేతిలోకి తీసుకుని చూశారు. టోపీ కిందికి జారి కళ్లకు అడ్డం వస్తుంటే తీసి పక్కన పెట్టారు. చీము తీసి, కడిగి, ఇంజెక్షను ఇచ్చి కట్టు కట్టేదాకా ఎవరివైపూ చూడలేదు. సుగుణమణి పక్కనే నిలబడి, అడగకముందే ఏది కావాలో అది అందించింది. ఇద్దరూ అలా కలిసి పనిచేసి ఎన్నాళ్లయిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

అప్పన్న కాలు దక్కింది. కాని నిరీక్షణరావు గారు ధైర్యవంతులు కారు. ఉత్తర్వు తప్పని పైకి అనలేకపోయారు. ఆయన కనిపెట్టిన ఉపాయం, వచ్చినవాళ్లందరినీ చిలకలంక వాస్తవ్యులుగా రాసుకోవడం. అప్పన్నది చిలకలంక. కూరల సూరమ్మది చిలకలంక. పోస్టుమాన్‌ది చిలకలంక. కోడిపందెంలో కత్తి గీసుకుని వచ్చిన ఎస్సై గారిది కూడా చిలకలంకే. ఇలా రాస్తున్నంతసేపూ తను చాలా తెలివైనవాడినని ఆయన అనుకున్నారు. తెలివి ఎటు పోతుందో వర్షాకాలం దాకా తెలియలేదు.

నివేదికలు చదివిన మహాసభ గుండె చెరువైంది. ఒక్క చిలకలంకలో ఇంత జబ్బా! ఆ ఊరి జనాభాకంటే ఆ ఊరి రోగులు ఎక్కువైపోయారు. తక్షణమే విదేశ పర్యటన చేసి పరిస్థితి పరిశీలించమని కృపాదానం గారికి పురమాయించారు.

శ్రావణమాసం. గోదావరికి ఎర్రనీరు తగిలింది. కృపాదానం గారు కోటు వేసుకుని, గొడుగు పట్టుకుని, విదేశ పర్యటనకు బయలుదేరారు. చిలకలంక రేవులో వీరమ్మ గుమ్మడిపూల దండ వేసింది. పాక చుట్టూ కూర్చున్న జనాన్ని ఆయన గంభీరంగా పరిశీలిస్తూ నడిచారు. ఒకచోట ఆగిపోయారు. పందిరి నీడలో, సంచి ఒళ్లో పెట్టుకుని, వాళ్లావిడ కూర్చుని ఉంది.

"నీవు ఈ దేశమునకు ఎప్పుడు వచ్చితివి?"

"ప్రతి శుక్రవారం వస్తున్నానండీ" అంది ఆవిడ తొణక్కుండా. "బీపీ బిళ్లలకి. నాది చిలకలంకేనట, డాక్టరుగారు రాశారు. మీ పేరు కూడా రాయించమంటారా?"

కృపాదానం గారి మొహం ఎర్రనీటి రంగుకు తిరిగింది. డాక్టరుగారి వైపు చూసిన చూపులో దస్తావేజు రద్దుకు కావలసిన మాటలన్నీ ఉన్నాయి. ఆ మాటలు బయటికి రాకముందే వీరమ్మ అడ్డం పడింది. "బోయినం అయ్యాక అరుద్దురుగానండి. పులస దొరికిందండి మీకోసవని. సల్లారిపోద్ది."

పులస అన్నాక చైర్మన్ అయినా మనిషే. అరిటాకు ముందు కూర్చున్నారు. కోపం మీద ఉన్నవాడు పులస తినకూడదు. దాని ఒళ్లంతా ముళ్లు. రెండో ముద్దలోనే డాక్టరుగారిని మందలించడం మొదలుపెట్టారు. "తాము నియమావళిలోని ఏడవ..." అన్నారు. అక్కడితో ఆగిపోయారు.

గొంతు పట్టుకున్నారు. అన్నం ముద్దలు మింగించారు, అరటిపండు మింగించారు. ముల్లు ఇంకా లోపలికి దిగింది. నోటివెంట నెత్తురు కలిసిన చొంగ కారుతోంది. డాక్టరుగారు టార్చి వేసి చూశారు. నాలుక మొదట్లో, లోపలెక్కడో తెల్లగా మెరిసింది. చుట్టూ వాపెక్కుతోంది. ఊపిరి తీస్తుంటే ఈలలా చప్పుడు. లోపలికి చూసే పరికరం, పొడవాటి పటకారు, మత్తుమందు అన్నీ రేవుపేట డిస్పెన్సరీలో ఉన్నాయి, స్వదేశంలో, తాళంలో.

"అవతలికి తీసుకెళ్లాలి. నేను కూడా రావాలి" అన్నారు.

కృపాదానం గారు తల అడ్డంగా ఊపారు. జేబులోంచి కలం తీసి అరచేతిమీద రాశారు: 'మిషనరీ ఒడ్డు విడువరాదు. కమిటీ తీర్మానము కావలెను.' కాసేపు ఆగి దాని కింద ఇంకో మాట చేర్చారు: 'కోరం.'

నిరీక్షణరావు గారు ఆ చెయ్యి పట్టుకుని చదివారు. ఆయనకు నవ్వు రాలేదు. భయం వేసింది. ఈ మనిషి ఇంకాసేపట్లో ఊపిరందక పోతాడు, పోతూ కూడా సభ్యుల సంఖ్య లెక్కపెడతాడు. ఈ మనిషి ఆడిన ఆటలో అందరికంటే ముందు చెయ్యెత్తింది ఎవరు? ఆ రోజు సుగుణమణి టీ కప్పులతో నిలబడి అడిగిన ప్రశ్నకు తాను ఏమీ అనకుండా కూర్చున్నాడు. టోపీ గురించి ఆలోచిస్తూ.

"గంగరాజూ, పడవ తియ్యి."

"పొద్దుటికీ ఇప్పటికీ ఏరు పెరిగిపోయిందండి. ఈ నీటిలో పడవెయ్యకూడదండి బాబూ. మానులే కొట్టుకొచ్చేత్తన్నాయి."

"మనిషి పోతాడయ్యా."

గంగరాజు ఏటివైపు చూశాడు, చైర్మన్ గారి మొహంకేసి చూశాడు. "అయితే ఎక్కండి. ఎదురుగా కాదండి, ఎగువకి లాక్కెళ్లి జారాలి. మీరు నీళ్లు తోడాలండి, నా సెయ్యి కాళీ ఉండదు."

తోడటానికి పడవలో డబ్బా లేదు. డాక్టరుగారు టోపీతో తోడారు. ఆ టోపీ దేనికైనా పనికొచ్చింది ఆ ఒక్కరోజే. నడి ఏట్లో ఒక చింతమాను పడవను రాసుకుంటూ పోయింది. కృపాదానం గారు ఒక చేత్తో పడవ అంచు పట్టుకున్నారు. రెండో చెయ్యి, తీర్మానం రాసిన చెయ్యి, డాక్టరుగారి మోకాలిని గట్టిగా పట్టుకుని ఉంది. ఆ మనిషి కళ్లల్లో చైర్మన్ లేడు. భయపడిన ముసలాయన ఒకడున్నాడు. "నెమ్మదిగా తీసుకోండి ఊపిరి" అన్నారు డాక్టరుగారు. "నేనున్నాను."

వంటింటి కిటికీలోంచి వరదలో పడవను చూసిన సుగుణమణి తాళంచెవులు పట్టుకుని రేవుకు పరుగెత్తుకొచ్చింది. పాస్టరుగారు, అప్పన్న కలిసి చైర్మన్ గారిని మోసుకొచ్చారు. సుగుణమణి బోర్డు పీకి పక్కకు గిరాటు వేసి తలుపు తీసింది. లోపల బూజు వాసన. ఆవిడ దీపం పట్టుకుంది, ఆయన పటకారు పట్టుకున్నారు. మొదటిసారి జారిపోయింది. రెండోసారి ఆవిడ తన రెండో చెయ్యి ఆయన మణికట్టు కింద ఆనించింది. ముల్లు వచ్చేసింది. కృపాదానం గారు తీసిన మొదటి ఊపిరి బయట వరండా దాకా వినిపించింది.

నెల్లాళ్లు మాట్లాడకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. వైద్యశాస్త్రం ప్రకారం వారం చాలు. మిగతాది ఊరి క్షేమం కోసం.

తలుపు తీసి ఉండటం చూసి ఆ సాయంత్రానికే అరుగుమీద రోగులు చేరారు. దాన్ని మళ్లీ ముయ్యడం ఎవరివల్లా కాలేదు. కాని మహాసభకు ఏం చెప్పాలి? మూడేళ్లు ఉంటానన్న మిషనరీ మధ్యలోనే ఒడ్డు తొక్కాడు. కమిటీ కూర్చుంది. చైర్మన్ గారు మఫ్లరు చుట్టుకుని మౌనంగా కుర్చీలో ఉన్నారు. ఆ మౌనం ఇచ్చిన ధైర్యంతో పాస్టరు వందనం గారు లేచారు.

"ఒక మాట అనుకుంటున్నానండి. డాక్టరుగారు ఒక ఒడ్డునుంచి బయలుదేరి, నీళ్లు దాటి, ఇవతలి ఒడ్డుకి వచ్చారు. వచ్చేటప్పటికి ఇక్కడి డిస్పెన్సరీకి తాళం. అంటే వైద్యసదుపాయం లేదు. మనం గ్రామీణులమే. మరి మిషనరీ తిరిగొచ్చాడని ఎందుకనుకోవాలి? చిలకలంక సంఘం తమ మిషనరీని మన మధ్యకు పంపిందని రాస్తే?"

అందరూ చైర్మన్ గారి వైపు చూశారు. ఆయన చాలాసేపు కళ్లు మూసుకున్నారు. ఆ తర్కంలో తప్పు వెతికారు కాబోలు, దొరకలేదు. దొరికినా చెప్పడానికి గొంతు లేదు. తల ఊపారు.

మహాసభ దీన్ని అద్భుతమని కొనియాడింది. మిషనరీలను పంపిన సంఘాలకు ఇచ్చే షీల్డు ఆ ఏడాది చిలకలంకకు వెళ్లింది. భోజనాల దగ్గర వీరమ్మ పంక్తికి ముందు వడ్డించారు. ఆవిడ దేనికో తెలియక, పెట్టినంతా తినేసింది.

అది ఊరికే తిన్న తిండి కాకూడదని లంక జనం అనుకున్నారు. ప్రతి ఇంట్లో ఆడవాళ్లు వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి పిడికెడు తీసి, దిక్కులేని రేవుపేటవాళ్ల వైద్యానికని విడిగా దాచడం మొదలుపెట్టారు. నవ్వులాటకు కాదు, మనసారా చేశారు. కోతల పండుగకు ఆ బియ్యం మూటలు గుడిపాకలో వరసగా పేర్చి, పరాయిదేశంలో సేవ ఎలా సాగుతోందో చెప్పమని మిషనరీని పిలిపించారు. నిరీక్షణరావు గారు సుగుణమణిని వెంటబెట్టుకుని వెళ్లారు.

చెప్పడానికి ఆయన లేచారు. ఎదురుగా మూటలు. వాటి వెనక, నిజంగానే జాలిపడుతున్న మొహాలు. ఏ జనం తనను చూసి కళ్లనీళ్లు పెట్టుకోవాలని కలలు కన్నాడో, ఆ కళ్లనీళ్లే అవి. కాకపోతే అవి తన గొప్పకు కాదు, తనవాళ్ల అవస్థకు.

ఆయన ఇబ్బంది చూసి వీరమ్మే అందుకుంది. "ఆళ్లు మందు మింగుతారాండీ, మొండికేత్తారా?"

"మింగుతారమ్మా" అన్నారు నిరీక్షణరావు గారు. "కాకపోతే ముందు ఒక మీటింగు పెట్టుకుంటారు."

"అయ్యో పాపం" అంది వీరమ్మ. పక్కనున్నవాళ్లూ నాలుక చప్పరించారు. "ఆళ్ల డాట్రు కూడా అలాంటోడేనాండీ?"

సుగుణమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరుగారు భార్యవైపు చూడలేదు.

"అందరికంటే వాడే ఎక్కువమ్మా."

"అయితే ప్రార్థనలో ఆయన పేరు కూడా సెప్పండి, మరిసిపోకుండా" అంటూ వీరమ్మ మోకాళ్ల నొప్పిని లెక్కచెయ్యకుండా చాపమీద మోకరించింది. పాకంతా మోకరించింది. నిరీక్షణరావు గారు కూడా వాళ్లమధ్య మోకరించి, తన పేరు తనే చెప్పుకుని, ప్రార్థన ముగిశాక అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నారు.